ఎత్తిపోసుకున్న మజ్జిగ

మా వైపు చెంబును ఎవరూ పెదవికి తగిలించి తాగరు. తల వెనక్కి వాల్చి, చెంబును జానెడు ఎత్తున పట్టుకుని, ధారను నోట్లోకి వదులుతారు. పిల్లలు మాటలు నేర్చిన కొన్నాళ్లకే ఇదీ నేర్చుకుంటారు. ముక్కులోకి పోయి దగ్గితే పెద్దవాళ్లు నవ్వుతారే తప్ప గ్లాసు అంచుకు నోరు పెట్టనివ్వరు. ఎంగిలి. ఆ మాట మీద నేను ఎన్ని సభల్లో విరుచుకుపడ్డానో నాకే గుర్తులేదు. ఇది శుభ్రత కోసమేనని వాదించేవాళ్లను, మరి అదే చెంబును ఊరి చివర ఉండే మనిషి చేతికి ఎందుకివ్వరని నిలదీసేవాణ్ని. మాట్లాడి మాట్లాడి గొంతు ఎండిపోయాక వేదిక మీది గ్లాసు అందుకుని, నేనూ ఎత్తిపోసుకునే తాగేవాణ్ని. కింద నుంచి ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని గేలి చేసేవారు. సభ నవ్వేది, నేనూ నవ్వేవాణ్ని.

ఆ అలవాటు చాటున ఒక మనిషి ఒక రోజు ఏం చేశాడో నా కళ్లముందే దాగిపోయింది. అది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

తొంభైలలో మదనపల్లెలో మాకొక చిన్న సంఘం ఉండేది. కొందరు బడిపంతుళ్లు, ఒక కాంపౌండరు, ఒక టైలరు, ఒక రైతు. మూఢనమ్మకాల మీద కరపత్రాలు వేయడం, సభలు పెట్టడం మా పని. ఆ రైతు నా చిన్ననాటి స్నేహితుడు. నిమ్మనపల్లె దగ్గర ఒక పల్లెలో టమోటా పండించేవాడు. తండ్రి లేడు. తల్లి, ఒక చెల్లెలు. బడిలో ఇద్దరం ఒకే బెంచీ. అప్పటి నుంచీ నాది నోరు, వాడిది కాళ్లు. తెల్లవారుతుండగా టమోటా గంపలు టెంపోకెక్కించి, తాను మాత్రం ఎక్కకుండా, దాని వెనకాలే మార్కెట్టు దాకా పరుగెత్తుకుంటూ వచ్చేవాడు.

"ఏమప్పా, నా బండి మీద అంత అనుమానమా? గంపలు యాడికీ పోవులే, ఎక్కు!" అని డ్రైవరు అరిచేవాడు.

"నీ బండి ఆగిపోతే తోసేదానికి మనిషి వద్దా?" అని వీడు.

పరుగు పందేల ఆలోచన వాడిదే. ఒక సభ అయ్యాక కుర్చీలు సర్దుతూ అన్నాడు: "రేయ్, నువ్వు గంటసేపు మాట్లాడితే జనం ఆవలిస్తాండారు. మాటలు సాలు. రాహుకాలంలో పందెం పెడదాం. పోయినోళ్లు పోయినట్ల తిరిగొస్తే వాళ్లకే తెలుస్తాది."

మొదటిది పుంగనూరులో పెట్టాం. మంగళవారం మధ్యాహ్నం, సరిగ్గా రాహుకాలం మొదలయ్యే వేళకు. రోడ్డుకు రెండు వైపులా జనం నిలబడ్డారు. మేం గెలవాలని కాదు, ఎవరు పడిపోతారో చూద్దామని. ఒక ముసలాయన బీడీ నోట్లోంచి తీసి, "మా ఊరి పొట్టి ఆవు గూడా మీకన్నా జోరుగా పోతాది గదప్పా!" అన్నాడు. నా స్నేహితుడు పరుగు ఆపకుండానే, "అయితే దాన్ని గూడా ఇడువు తాతా, రాహుకాలంలో!" అని అరిచాడు. ఆ ముసలాయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. దారిలో ఒక కుర్రవాడి చెప్పు తెగింది. కొబ్బరికాయల అంగడాయన చప్పట్లు కొట్టి, "సూస్తిరా, రాహువు పట్టింది!" అన్నాడు. "అంత పెద్ద రాహువుకు ఒక చెప్పుతోనే కడుపు నిండిందా సామీ?" అన్నాను నేను. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి చూసినవాళ్లలో కొందరైనా ఇంటికి వెళ్లి ఆలోచించి ఉంటారు. నేను నమ్మింది అదే. ఇప్పటికీ నమ్ముతున్నాను.

తర్వాత గ్రహణం వచ్చింది. సూర్యగ్రహణం, సాయంత్రం వేళ. నెల ముందు నుంచే టీవీల్లో జ్యోతిష్యులు కూర్చున్నారు. గర్భిణులు కదలకూడదు, కత్తి పట్టకూడదు, పొద్దున్నించే అన్నం ముట్టకూడదు, నీళ్లు తాగకూడదు, కుండల్లో దర్భపుల్ల వేయాలి. చంద్రుడి నీడ భూమి మీద పడుతుందని ఐదో తరగతి పుస్తకంలో బొమ్మ గీసి ఉంది. ఆ బొమ్మ చూపించి పాఠం చెప్పే పంతులే ఇంటికి వెళ్లి కుండలో దర్భ వేస్తాడు. నాకు ఒళ్లు మండిపోయేది. గ్రహణం పట్టి ఉండగానే పరుగు పందెం పెడతామని కరపత్రం వేశాం. మదనపల్లె బస్టాండు దగ్గర మొదలై నిమ్మనపల్లె రోడ్డు మీదుగా ఊరి బయటికి వెళ్లి తిరిగి రావాలి. మొత్తం ఐదు కిలోమీటర్లు. మలుపు దగ్గర ఒక బల్ల మీద మజ్జిగ ఉంటుంది. ప్రతి ఒక్కరూ అందరూ చూస్తుండగా ఆ మజ్జిగ తాగి వెనక్కి తిరగాలి. మాకు పరుగు కంటే ఆ మజ్జిగే ముఖ్యం. గ్రహణంలో తాగిన మనిషి మరునాడు పొలంలో కనిపిస్తే చాలు, పంచాంగానికి అంతకంటే జవాబు అక్కరలేదని మా లెక్క.

మదనపల్లె చల్లని ఊరని పేరు. ఆ రోజు ఆ పేరు పనిచేయలేదు. ఆషాఢం చివరి రోజు. వాన వచ్చేట్టు మబ్బు పట్టి, రాకుండా నిలబడిపోయింది. మబ్బు సందుల్లోంచి ఎండ. ఆకు కదలలేదు. ఊరికే నిలబడినా చొక్కా వీపుకు అతుక్కుపోతోంది. ఎంత తుడుచుకున్నా చెమట ఆరడం లేదు.

నా స్నేహితుడు సైకిల్ మీద వచ్చాడు. ముఖం కొంచెం పీక్కుపోయినట్టుంది.

"మీ అమ్మ ఒప్పుకునిందా?" అని అడిగాను.

"ఒప్పుకునింది. ఊరికే ఒప్పుకోలేదులే."

"అంటే?"

"పందెం అయినాక సెప్తా" అని బనీను సర్దుకున్నాడు.

నేను మజ్జిగ బల్ల దగ్గరికి వెళ్లిపోయాను. దారంతా ఇళ్ల తలుపులు మూసి ఉన్నాయి. కిటికీ రెక్కల సందుల్లో మాత్రం కళ్లున్నాయి. వెలుగు తగ్గుతోంది. అది సాయంత్రం చీకటిలా లేదు. పట్టపగలే వెలుగులో బూడిద కలిపినట్టుంది. బల్ల పక్కనున్న వేపచెట్టు కింద నేల మీద ఎండ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. దాన్ని పదిమందికీ చూపించాలని నాకు ఎంత ఆరాటంగా ఉండిందో.

అందరికంటే ముందు నా స్నేహితుడే వచ్చాడు. మేడ మీద నిలబడ్డ కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. నేను పెద్ద గ్లాసు నిండా మజ్జిగ అందించాను. వాడు తల వెనక్కి వాల్చి, గ్లాసు బాగా ఎత్తి, ధార వదిలాడు. తెల్లటి ధార, బూడిద వెలుతురు. చప్పట్లు మోగాయి. మజ్జిగ గడ్డం మీదుగా, మెడ మీదుగా జారి బనీను తడిసిపోయింది.

"మెల్లగా తాగరా, సగం బనీనే తాగుతాండాది!" అన్నాను.

వాడు నా వైపు చూసి నవ్వాడు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. తర్వాత వచ్చినవాళ్లూ తాగారు. అందరూ తాగారు. నేను గ్లాసులు నింపుతూనే ఉన్నాను.

వాడు తిరుగు దారిలో, ఊళ్లోకి అడుగుపెట్టే చోట పడిపోయాడు. వెనక వస్తున్నవాళ్లు కబురు పంపితే నేను సైకిల్ మీద వెళ్లేసరికి రోడ్డు మీద ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఏదో మాట్లాడుతున్నాడు, గంపల గురించి. మా కాంపౌండరు ఒక్కో తలుపూ కొడుతున్నాడు. ఒక ఇంట్లోంచి ఆడగొంతు, "గ్రహణం ఇడవనీ అప్పా, తీస్తాం" అంది. ఆ గొంతులో క్రూరత్వం లేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆమె భయపడింది. ఆమెకు ఆ భయాన్ని నేర్పి, దానికి ధర్మమని పేరు పెట్టినవాళ్లు మాత్రం ఏ రోడ్డు మీదా పడిపోలేదు.

తెరిచి ఉన్నది పంక్చర్ అంగడి ఒక్కటే. ఆయన, "ఇధర్ లావ్, ఇధర్ లావ్! నీడలోకి తేండప్పా!" అని పరుగెత్తుకొచ్చాడు. ట్యూబులు ముంచి చూసే తొట్టిలోని నీళ్లు మొత్తం వాడి మీద గుమ్మరించాడు. నల్లటి నీళ్లు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మరునాడు పొద్దు ఎక్కకముందే వాడు పోయాడు.

డాక్టరు నాకు ఓపికగా చెప్పాడు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు, పరుగెత్తే మనిషి లోపల్లోపలే ఉడికిపోతాడు, కాస్త దూరం పరుగైనా చాలు. నాకు అర్థమైంది. ఊరికి మాత్రం అంత పొడుగు వాక్యం అక్కరలేదు. "గ్రహణంలో మజ్జిగ తాగినాడంట. కొట్టింది." అంతే. టీ అంగట్లో, బస్సులో, మార్కెట్లో అదే మాట. ఆ తర్వాత నేను ఎక్కడ సభ పెట్టినా వెనక వరసలో ఒకరు లేచేవారు: "అయ్యా, మీ స్నేహితుడు మజ్జిగ తాగినాడు గదా, ఏమైంది?" అందరూ తాగారు, మిగతావాళ్లంతా ఇళ్లకు నడిచి వెళ్లారు, వాణ్ని చంపింది వేడి అని జవాబు చెప్పేవాణ్ని. నా తర్కంలో తప్పు లేదు. కానీ ఎవరూ వినలేదు. మా సంఘం ఆ ఏడాదిలోనే చెదిరిపోయింది. పందేలు మళ్లీ పెట్టలేదు.

శవం దగ్గర వాడి తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. తర్వాత పొలం కౌలుకిచ్చి, కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. అల్లుడు శాంతిపురం వైపు గ్రానైట్ పాలిష్ పనికి పోయేవాడు.

కొన్నేళ్లకు కుప్పంలో ఒక సభలో మాట్లాడటానికి వెళ్లి, ఆమెను చూడకుండా రాలేకపోయాను. వసారాలో కూర్చుని చింతపండు కొడుతోంది. రాయి మీద పండు పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ, గింజ పక్కకు.

"రా నాయనా, కూసో. నీకు గూడా తల నెరిసిపాయెనే."

"నువ్వు మాత్రం అట్లే ఉండావమ్మా."

"అట్లే యాడ! కండ్లకు మసక. ఈ ఊర్లో సగం మంది అరవం మాట్లాడతారు, అర్థమయ్యేది సగమే. చెవుడు గూడా వొచ్చేస్తే మేలు." నవ్వింది. ఇంకో పండు రాయి మీద పెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అంది: "ఒక మాట అడుగుతా. సబలో సెప్పినట్ల సెప్పొద్దు. ఉండేది సెప్పు."

"అడుగమ్మా."

"ఆ పొద్దు మజ్జిగ పోసింది నువ్వే గదా. వాడు తాగినాడా?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆమె చెప్పింది. ఆ రోజు పొద్దున్నే ఆమె గడపకు అడ్డంగా పడుకుందట, నన్ను దాటుకుని పో అని. వాడు పక్కన కూర్చుని చాలాసేపు బతిమాలాడట. చివరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. వాడు పరుగెత్తవచ్చు. కానీ పంచాంగం చెప్పినట్టు పొద్దున్నించి గ్రహణం విడిచేదాకా మెతుకు ముట్టకూడదు, నీటిబొట్టు మింగకూడదు.

"నా తల మీద సెయ్యి పెట్టి సెప్పినాడు. 'వాళ్ల పందెం వాళ్లకు, నీ మాట నీకు, ఇద్దరికీ సరి' అని నవ్వినాడు. అందరూ అంటాండారు తాగినాడు, అందుకే పోయినాడని. ఇన్నేండ్లూ నేను గూడా అట్లే అనుకుంటి. కానీ నా తల మీద సెయ్యి పెట్టినోడు తప్పుతాడా నాయనా? నాకు అదొక్కటి తెలియల్ల."

అప్పుడు నాకు ఆ గ్లాసు మళ్లీ కనిపించింది. ఎత్తిన చెయ్యి, తెల్లటి ధార, తడిసిన బనీను. మెడ. ఎత్తిపోసుకుని తాగే మనిషి మెడలో గుటక పైకీ కిందికీ కదులుతుంది. వాడి మెడ కదలలేదు. ధార నోటి పక్కనే పడింది. మాకు మా రుజువు, తల్లికి తన మాట. ఇద్దరినీ నొప్పించకుండా ఒక్క గ్లాసుతో తేల్చేశాడు. పెదవికి తగిలించి తాగే దేశంలో ఆ పని ఎవరూ చేయలేరు.

తాగాడని చెబితే, కొడుకు ఒట్టు తప్పాడు, గ్రహణం కొట్టింది. ఆ దుఃఖంతో ఆమె ఇన్నేళ్లు బతికింది, ఇకముందూ బతకగలదు. తాగలేదని చెబితే, కొడుకు మాట నిలబెట్టుకున్నాడు, ఆ మాట ఆమెది. నిజం ఎవరికీ చెడు చేయదని నేను ఎన్ని ఊళ్లలో బల్ల గుద్ది చెప్పి ఉంటాను! బల్ల గుద్దడానికి అక్కడ బల్ల లేదు. చింతగింజలు, ఒక ముసలి తల్లి ఉన్నారు. ఉండేది చెప్పమని అడిగింది.

"తాగలేదమ్మా" అన్నాను. "నోటి పక్కన పోసుకున్నాడు. గుటక పడలేదు."

ఆమె ముఖం ఒక్కసారి విప్పారింది. "సూస్తివా!" అంది. "సూస్తివా, నా బిడ్డ మాట తప్పలే! ఏమే, ఇంటివా? మీ అన్న తాగలేదంట! ఈయప్పే సెప్తాండాడు, పక్కనే ఉండాడంట!"

కూతురు నాకోసం నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. నా వైపు చూసింది. తల్లికంటే ముందు ఆమెకు అర్థమైంది. తల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంది. చిన్నప్పుడు కూడా వాడు ఒట్టు పెడితే అంతేననీ, ఒకసారి మామిడికాయ ముట్టనని చెప్పి పండ్ల కాలమంతా ముట్టలేదనీ. "అంత ఎండలో పరిగెత్తినాడు, పొద్దున్నించి నీళ్లు గూడా..." అని ఆగింది. "నీళ్లు గూడా..." అని మళ్లీ అంది. సుత్తి చేతిలోనే ఉంది. రాయి మీద పండు అలాగే ఉంది.

నేను డాక్టరు చెప్పినదంతా చెప్పాను. చెమట ఆరకపోవడం, గాలి లేకపోవడం, నీళ్లు తాగినవాళ్లు కూడా అలా పోవచ్చని, తాగి ఉంటే బతికేవాడని ఎవరూ గట్టిగా చెప్పలేరని. ప్రతి మాటా నిజమే. ఆమె రోడ్డు మీద పోయే బస్సు చప్పుడు విన్నట్టు విన్నది. నేను లేచేటప్పుడు, "నువ్వు అబద్ధం సెప్పవని తెలుసు నాయనా. అందుకే నిన్నడిగినా" అంది.

ఆ తర్వాత చాలా రోజులు నేను ఏ సభకూ వెళ్లలేదు.

మళ్లీ కొన్నేళ్లకు ఇంకో సూర్యగ్రహణం, ఈసారి పొద్దున పూట. రెండు రోజుల ముందు కూతురు ఫోను చేసింది. "అన్నా, అమ్మ నిన్ను రమ్మంటాంది. గ్రహణం పొద్దుకు రావల్లంట. యాల అంటే సెప్పలే."

ముందురోజే వెళ్లాను. తెల్లవారి వీధి వీధంతా తలుపులు వేసుకుంది. టీవీల గొంతులు మాత్రం ప్రతి ఇంట్లోంచీ వినిపిస్తున్నాయి. ఆమె గోడ పట్టుకుంటూ బయటికొచ్చి వాకిట్లో బండ మీద కూర్చుంది. చేతిలో ఇత్తడి చెంబు. అందులో దర్భపుల్ల లేదు. వెలుగు బూడిద రంగుకు తిరిగేదాకా ఎదురుచూసింది. తర్వాత చెంబు ఎత్తింది.

ఎదురింటి కిటికీ కొంచెం తెరుచుకుంది. "ఏందవ్వా, గ్రహణం ఇంకా ఇడవలే! ఏం పని అది?"

"తెలుసులే, కొడితే నన్నే కొట్టనీ. నువ్వు కిటికీ ఏసుకో" అంది.

ధార ఇటూ అటూ పోలేదు. తల వెనక్కి వాల్చి తాగింది. ముడతలు పడిన మెడలో గుటకలు ఒకదాని వెనక ఒకటి దిగడం నాకు స్పష్టంగా కనిపించింది. గ్రహణంలో ఒక్క తల్లి అందరి ముందుకొచ్చి నీళ్లు తాగితే చాలునని ఒకప్పుడు మేం కరపత్రాల మీద కరపత్రాలు వేశాం. ఇప్పుడు ఒక తల్లి తాగుతోంది. నమ్మకం పోయి కాదు. దాహమై కూడా కాదు. నేను చూడలేక తల దించుకున్నాను.

"ఇట్ల సూడు నాయనా" అంది. "పడిందా గుటక?"

"పడిందమ్మా."

ఖాళీ చెంబు కూతురికి అందించింది. "ఇంకో చెంబు తేయే" అంది. "ఇడిసేదానికి ఇంకా శానా సేపుండాది."